వడ్రంగుల వ్యాజ్యెము

ఫిడేలు మన సంగీతమున నిప్పుడు పరాయివాద్యము కాదు. దాని కీర్తికి ఇటలీ పుట్టినిల్లని చాలమంది యెరుగుదురు. కాని సామాన్యుడు కొనగలిగిన ఫిడేళ్లను వేలకొలదిగా లోకమునకు పంపిన యూళ్లలో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ ముఖ్యమైనదని యెరిగినవారు తక్కువ. సాక్సనీ దేశమునకు నైరుతిమూల, బొహీమియా సరిహద్దున, అడవికొండల నడుమనున్న చిన్న పట్టణమది. అచ్చట నూట తొంబదియేండ్లకు పూర్వము జరిగిన యొక వ్యాజ్యెము చాలకాలముగా నా మనస్సును విడువకున్నది.

ముందుగా ఆ యూరివారెవరో చెప్పవలెను. 17వ శతాబ్దమున బొహీమియాలో హాబ్స్‌బర్గు ప్రభువుల యేలుబడి క్రింద ప్రొటెస్టంటులకు నిలువనీడ లేకపోయెను. మతమైన మార్చుకొనవలెను, దేశమైన విడువవలెను. గ్రాస్లిట్సు ప్రాంతమున ఫిడేళ్లు చేయువారు పలువురు రెండవదానికే సిద్ధపడి, పనిముట్లు మూటగట్టుకొని సరిహద్దు దాటివచ్చిరి. అట్లు వచ్చినవారిలో పన్నిద్దరు 1677లో ఒక వృత్తిసంఘమును స్థాపించుకొనిరి.

మన స్మృతులలో శ్రేణి యను మాట కలదు. ఒక వృత్తివారు కూడి కట్టుబాట్లు చేసికొన్న సమూహమని దాని యర్థము. ఆ కట్టుబాట్లను రాజు సయితము మన్నింపవలెనని స్మృతికర్తలు శాసించిరి. ఈ ఫిడేలువారి సంఘమును అట్టిదే. కుర్రవాడు గురువువద్ద కొన్నియేండ్లు శుశ్రూష చేయవలెను. పిమ్మట తన చేతిపని పెద్దల యెదుట నుంచి పరీక్షకు నిలువవలెను. దీనివలన చెడ్డసరకు ఆగును, ఊరిపేరు నిలుచును. ఇల్లు వాకిలి పోగొట్టుకొని వచ్చినవారికి ఈమాత్రపు కోట అవసరమే గదా.

దాదాపు నూటయేబదియేండ్లు గడచెను. ఐరోపాలో గిటారునకు గిరాకి హెచ్చెను. ఆ యూరిలో గిటారులు చేయుటకు పూనుకొన్నవారిలో వడ్రంగుల శ్రేణికి చెందిన యోహాన్ గెయోర్గ్ మార్టిన్ ఒకడు. ఫిడేలువారు ఆగ్రహించిరి. తంత్రీవాద్యములు తమ సొత్తు; బల్లలు, బీరువాలు చేయువారికి వానిలో నేమి పని? 1826లో వారు అధికారులతో ఫిర్యాదు చేసిరి. 1677 నాటి శాసనములో గిటారు ప్రసక్తియే లేదనియు, ఆ పని మొన్నమొన్న వచ్చినదనియు వడ్రంగుల పక్షమువారు బదులుచెప్పిరి. ఊరి సరకు కొని పైదేశములకు పంపు వర్తకుడొకడు మార్టిన్ గిటారులలో వంక పెట్టవలసినది లేదని సాక్ష్యమిచ్చెను. వ్యాజ్యెము ఆరేండ్లు సాగి, 1832లో తీర్పు వడ్రంగులకు అనుకూలముగా వచ్చెను.

ఫిడేలువారు దుర్మార్గులని తేల్చివేయుట సులువు. నాకట్లు తోచదు. కొండలలో పంట తక్కువ, చేతిపనియే అన్నము. ఎవరుబడితే వారు అదే పని చేసిన వెల పడిపోవునను భయము ఉత్తభయము కాదు. పనియొక్క మేలును కాపాడవలెనను కోరికయు అబద్ధము కాదు. కాని ఆ రెండింటిలో ఏది యెచ్చట ముగిసి ఏది యెచ్చట మొదలగునో చూడవలెను. “అతని గిటారు తెచ్చి మ్రోగించి చూతము, బాగుగా లేనిచో నిషేధింతము” అనియుండిన అది శ్రేణి పుట్టిన ధర్మమునకు తగిన మాట. ఫిడేలువారి పట్టు దానిపై లేదు. చేసినవాడు ఏ సంఘమువాడని వారు ముందడిగిరి. చెక్క యెట్లున్నది, స్వర మెట్లు పలుకుచున్నది అను ప్రశ్న వెనుకబడెను. శ్రేణిలోనికి శిక్షణచేత ప్రవేశింతురు గాని పుట్టుకచేత గాదు గనుక దీనిని కులమనరాదని మిత్రులొకరు నాతో వాదించిరి. నిజమే; కాని ఈ ప్రశ్నలోని కంఠస్వరము మనకు పరిచితమైనదే.

ఇంకొకటి. ఫిర్యాదు చేసినవారు ఎవరి వారసులు? తలుపులు మూయబడగా తరలివచ్చినవారికి వారసులు. పెద్దల బాధ వంశమున గర్వముగా నిలిచినంత సులభముగా జాలిగా నిలువదేమో.

సంఘమును తీసివేసిన సరిపోవునా యన్న, అదియు జరిగినది. సాక్సనీలో 1862 నుండి ఎవరైనను ఏ వృత్తియైనను చేయవచ్చునను శాసనము అమలయ్యెను. ఊరి వ్యాపారము విపరీతముగా పెరిగెను. 1893 మొదలు 1916 వరకు అమెరికావారు ఆ చిన్నయూరిలో తమ రాయబార కార్యాలయశాఖ నొకదానిని నడపిరనిన ఎగుమతి యెంతటిదో యూహింపవచ్చును. లాభము మాత్రము వర్తకుల మేడలు చేరెను. ఒక యింట మెడలు, ఒక యింట పెట్టెలు, వేరొక యింట కమానులు — ఇట్లు ముక్కలుముక్కలుగా పనిచేసినవారు వర్తకుడు కట్టిన వెలకే ఒప్పుకొనవలసివచ్చెను. వారిని కాపాడదగిన శ్రేణి అప్పటికి లేదు. కావున తలుపు చెడ్డదని గోడనుగూడ కూల్చువారితో నేను ఏకీభవింపజాలను.

యోహాన్ గెయోర్గ్ కొడుకు క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్. 1796లో ఆ యూరనే పుట్టి గిటారుపనిలో ఆరితేరినవాడు. వ్యాజ్యెము తన పక్షమువారు గెలిచిన మరుసటియేడే, 1833లో, భార్యాబిడ్డలతో ఓడయెక్కి న్యూయార్కు చేరెను. గెలిచినవాడు ఊరు విడువనేల? ఇరుగుపొరుగుల మొగములను ఏ తీర్పును మార్చలేదు. కొన్నియేండ్లకు పెన్సిల్వేనియాలోని నజరేతు ప్రాంతమునకు మకాము మార్చెను. ఆయన పేరిటి గిటారుల కార్మాగారము నేటికిని అచ్చటనే యున్నది. నజరేతు మొరేవియను సోదరసంఘమువారి యూరు. ఆ సంఘపు పూర్వులును బొహీమియా, మొరేవియా దేశములనుండి మతముకొరకు తరుమబడి, సాక్సనీలో తలదాచుకొన్నవారే. వారి కట్టుబాటు ప్రకారము ఆ కాలమున పరమతస్థులకు ఊరిలో స్థలము కొను హక్కు లేదు. మార్టిన్ ఊరి వెలుపల చెర్రీహిల్ అనుచోట ఇల్లు కట్టుకొని, 1850ల దశాబ్దమున ఆ కట్టుబాటు సడలువరకు అచ్చటనే గిటారులు చేసికొనుచుండెను.