నడుము వాల్చిన బుద్ధుడు



నాకు నడుము ఆపరేషన్ అయింది. బరువులు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. మా నాలుగేళ్ల బిడ్డ చేతులు చాచి "నాన్నా, ఎత్తుకో" అంటే ముఖం తిప్పుకున్న. కుట్ల నొప్పి ఒకటి, "నేనేం తండ్రిని" అనే నొప్పి ఇంకొకటి. బుద్ధుడు చెప్పిన రెండు బాణాలు ఇవే. మొదటిది ఒంటికి తగిలింది. రెండోది నాకు నేనే గుచ్చుకున్న.

సేఖ సుత్తంలో ఒక సంగతి ఉన్నది. కపిలవస్తులో శాక్యుల కొత్త సభామందిరంలో బుద్ధుడు రాత్రి చాలాసేపు బోధించాడు. నడుము నొప్పి పుట్టింది. దాచుకోలేదు. మిగతాది ఆనందుణ్ణి చెప్పమని, చీవరాన్ని నాలుగు మడతలు వేసి, కుడిపక్కకు ఎరుకతో పడుకున్నాడు. బోధ ఆగలేదు.

అది చదివినంక బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని నొప్పి సంగతి చెప్పిన. "నా మీద కోపం కాదా మరి?" అన్నది. రెండో బాణం బిడ్డకూ తగిలిందన్నమాట! ఎత్తుకునే పని పక్కింటి అక్కకు అప్పజెప్పిన. కథ చెప్పే పని నాదే.

మన వేల్పూర్‌లో పసుపు తవ్వి, మూటలు మోసి నడుములు పోయినోళ్లు ఎందరో. సాయం అడగడం సిగ్గు కాదు. వాళ్లు అడగకముందే పోయి, పిల్లను గంటసేపు ఎత్తుకోండి. మైత్రి అంటే అదే.

భవతు సబ్బ మంగళం!