నడిచినంత మాత్రాన బాగయినట్లేనా?



పాడైపోయిన వస్తువును బాగుచేయుట మంచి పని అని మనమందరము ఒప్పుకుంటాము. అయితే ఒక వస్తువు ఎప్పుడు బాగయినట్లు? ఆగిపోయినది మరల నడిచినప్పుడా? లేక దానిని నడిపేవాడు నమ్మకముతో దానిమీద కూర్చోగలిగినప్పుడా? ఈ రెండును ఒకటే అని మేము చాలకాలము అనుకున్నాము. కావని ఒక పాత యంత్రము మాకు నేర్పినది. ఆ పాఠము మాకు సిగ్గు కలిగించేదే అయినను, దాచుకొనుటకంటె చెప్పుటే మేలని ఇక్కడ వ్రాస్తున్నాము.

రాయచూరు జిల్లా సింధనూరు ప్రాంతములో, తుంగభద్ర ఎడమ కాలువ క్రింద మన పెద్దలు వచ్చి స్థిరపడిన క్యాంపులలో మాది ఒకటి. వరి పొలములతోపాటు కొందరికి కోళ్ల షెడ్లు కూడ ఉన్నవి. ఒక బ్యాచి కోళ్లు వెళ్లిన తరువాత, నేలమీద పరచిన ఊక, పెంట కలిసి గట్టిపడిన దానినంతా తీసివేసి, కడిగి, సున్నము వేసి, మరల కొత్త ఊక పరచవలెను. ఆ పనికి మనుషులు దొరకుట కష్టమైనది. అందుచేత మేము నలుగురము డబ్బు కలుపుకొని, రెండేండ్ల క్రిందట ఒక పాత స్కిడ్ స్టీర్ లోడరును కొన్నాము. ఏ కంపెనీది అయినను మా వైపు దానిని బాబ్‌క్యాట్ అనే పిలుస్తారు. అది ఒక మిల్లు వెనుక తుమ్మచెట్టు క్రింద మూడు వర్షాకాలములు తడిసి పడియున్నది. సీటులో ఎలుకలు గూడు పెట్టినవి. ఒక టైరు నేలకు అంటుకొని పోయినది.

ఈ యంత్రము పుట్టిన సంగతి కొంచెము చెప్పవలెను. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో, రోత్‌సే అనే చిన్న ఊరిలో, సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే ఇద్దరు అన్నదమ్ములు ఇనుప పనుల దుకాణము నడిపేవారు. టర్కీ కోళ్లు పెంచే ఒక రైతు, తన షెడ్డులో స్తంభముల మధ్య తిరిగి పెంటను ఎత్తగలిగిన చిన్న యంత్రము కావలెనని వారిని అడిగాడు. వారు మూడు చక్రముల బండి ఒకటి చేసి ఇచ్చారు. 1958లో మెల్‌రో అనే కంపెనీ దానిని చేపట్టినది. 1960లో నాలుగు చక్రముల బండి వచ్చినది. 1962లో బాబ్‌క్యాట్ అనే పేరు పెట్టారు. అంటే మేము ఏ పనికి కొన్నామో, సరిగ్గా ఆ పనికే ఇది పుట్టినది.

దీనికి కారుకు ఉన్నట్లు స్టీరింగు ఉండదు. ఎడమ వైపు రెండు చక్రములు కలిసి తిరుగుతవి, కుడి వైపు రెండు కలిసి తిరుగుతవి. ఇంజను హైడ్రాలిక్ పంపులను తిప్పితే, ఆ ఆయిలు ఒత్తిడితో ఒక్కొక్క వైపు మోటారు, గొలుసుల ద్వారా ఆ వైపు చక్రములను నడిపిస్తుంది. ఒక వైపు ఆపి రెండవ వైపు నడిపితే బండి జారుతూ ఉన్నచోటనే తిరుగుతుంది. బకెట్టును ఎత్తే రెండు ఇనుప చేతులు డ్రైవరుకు ఇరుప్రక్కలనే లేస్తవి. ఎక్కుట, దిగుట ముందు వైపునుండి, బకెట్టు మీదుగానే. ఈ బండికి ఉన్న సుళువు అంతా అక్కడే ఉన్నది. అపాయము కూడ అక్కడే ఉన్నది.

సింధనూరు నుండి ఒక పెద్ద వయస్సు మెకానిక్కును పిలిపించాము. తాళము త్రిప్పి చూడుమని మేము తొందరపెట్టితే ఆయన నవ్వి, "ఇన్నాళ్లు పడుకున్నదాన్ని ఒక్కసారిగా లేపకూడదు సార్" అన్నాడు. మొదట బండి అడుగు పళ్లెము విప్పించాడు. ఆయిలులో నానిన ఊక, దుమ్ము మూడు గోనె సంచులు వచ్చినది. ఇంజను వేడికి ఒక్క రవ్వ పడితే బండి తగలబడిపోయేది అన్నాడు. తరువాత క్రాంకు పుల్లీకి పానా పెట్టి ఇంజనును చేతితో త్రిప్పి, అది పట్టుకొని పోలేదని చూసుకున్నాడు. డీజిలు ట్యాంకు ఖాళీచేసి కడిగాడు, ఫిల్టర్లు మార్చి, పైపులలోని గాలి తీశాడు. హైడ్రాలిక్ ఆయిలు మజ్జిగ రంగులో ఉన్నది, అంటే నీరు చేరినది. దానిని పూర్తిగా తీసి కొత్తది పోశాడు. ఎక్కడ కారుతున్నదో చూడవలసి వచ్చినప్పుడు చెయ్యి పెట్టనీయలేదు. సూది మొనంత రంధ్రమునుండి వచ్చే ఆయిలు కూడ చర్మములోనికి దూసుకొని పోతుందట! అట్టముక్క పెట్టి చూశాడు. చేతులను పైకెత్తినప్పుడెల్లా వాటికి ఇనుప ఆధారము తగిలించనిదే క్రిందికి వంగలేదు.

తొమ్మిదవ నాడు ఇంజను పలికినది. నల్లని పొగ వచ్చి, మెల్లగా తెల్లబడి, శబ్దము నిలకడకు వచ్చినది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమును పిల్లలవలెనే సంతోషించాము.

అప్పుడే మెకానిక్కు సీటు క్రిందికి చూపించాడు. ఈ బండిలో డ్రైవరు కూర్చున్న తరువాత ఒడి మీదికి దించుకొనే కడ్డీ ఒకటి ఉంటుంది. దానిని సీటు బారు అంటారు. అది దిగియున్నప్పుడే చేతులు కదులుతవి. పైకెత్తితే ఒక స్విచ్చి ఆ సంగతి కనిపెట్టి చేతులను ఎక్కడివక్కడ బిగించివేస్తుంది. మా బండికి ముందు ఉన్నవారు ఎవరో ఆ స్విచ్చిని తప్పించి, రెండు కొనలను ఒక చిన్న తీగతో కలిపివేశారు. బారు ఎత్తినా దించినా బండికి ఒకటే. "స్విచ్చి పోయి ఉంటుంది. కొత్తది తెప్పించాలి, నాలుగైదు రోజులు పడుతుంది" అన్నాడు.

కోడిపిల్లలు శనివారము దిగవలెను. ఆ దినము మంగళవారము. షెడ్డు అట్లే ఉన్నది. మా నలుగురిలో ఒకరు, "ఇన్నేళ్లు ఈ తీగతోనే నడిచింది గదా, ఏమైంది?" అన్నారు. మరొకరు, "రెండు రోజుల పనే" అన్నారు. డ్రైవరుగా కుదుర్చుకున్న కుర్రవాడు, "ఏం కాదు మాస్టారూ, నేను జాగ్రత్తగానే ఉంటా" అన్నాడు. మెకానిక్కు తలవంచుకొని పనిముట్లు సర్దుకున్నాడు. మేము సరే అన్నాము. ఎవరో ఒకరు కాదు, నలుగురమూ అన్నాము.

మరునాడు మధ్యాహ్నము బకెట్టు పై అంచున తడి పెంట గడ్డకట్టి పట్టుకొన్నది. కుర్రవాడు బకెట్టును భుజమెత్తున ఆపి, బారు పైకెత్తి, లేచి ముందుకు వంగి గడ్డపారతో దానిని పొడుస్తున్నాడు. మోకాలు లీవరుకు తగిలినది. చేతులు దిగినవి. అతడు వెనుకకు పడినందున బ్రతికాడు. గడ్డపార బకెట్టుకు, బండి చట్రమునకు మధ్య పడి విల్లువలె వంగిపోయినది. అంతకు ముందు క్షణము అక్కడ ఉన్నది అతని ఛాతీ.

ఆ సాయంకాలము ఎవరమూ అన్నము తినలేకపోయాము. తరువాత మేము నలుగురము కూర్చొని, మేము చెప్పుకొన్న సాకులను ఒక్కొక్కటిగా విప్పి చూసుకున్నాము.

మొదటిది, "ఇంతవరకు ఏమీ కాలేదు గదా" అనుట. మాలో ఇద్దరము బడిపంతుళ్లుగా పనిచేసిన వారము. ఒక పిల్లవాడు అరువది నాలుగింట పదహారు అనే భిన్నములో పైనున్న 6ను, క్రిందనున్న 6ను కొట్టివేసి, నాలుగింట ఒకటి అని జవాబు చెప్పవచ్చును. జవాబు సరిపోతుంది. అయితే అదే పద్ధతితో ఇరువది నాలుగింట పన్నెండు చేసి చూడుమనండి. రెండు 2లను కొట్టివేసి మరల నాలుగింట ఒకటి అంటాడు. అది తప్పు, అసలు జవాబు సగము. మొదటిసారి జవాబు కుదిరినది గాని లెక్క కుదరలేదు. ఏ పంతులూ దానికి మార్కులు వేయడు. తీగతో నడిచిన సంవత్సరములు కూడ అట్టివే. కీడు జరగకపోవుట ఆ పద్ధతి మంచిదనుటకు సాక్ష్యము కాదు. ఈ బండ్ల విషయములో సాక్ష్యము వేరుగానే ఉన్నది. అమెరికాలో పనివారి భద్రతను గూర్చి పరిశోధించే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ 1998లో స్కిడ్ స్టీర్ లోడర్ల మీదనే ఒక ప్రత్యేక హెచ్చరికను ప్రచురించి, 2010లో దానిని మరల క్రొత్తగా వెలువరించినది. బకెట్టుకు చట్రమునకు మధ్య, చేతులకు చట్రమునకు మధ్య మనుషులు నలిగి చనిపోవుట, భద్రతా స్విచ్చులను తప్పించుట అందులోని ముఖ్య సంగతులు. మాకు జరగబోయినది క్రొత్త వింత కాదు.

రెండవది, "ఆ కుర్రవాడే ఒప్పుకున్నాడు" అనుట. అవును, ఒప్పుకున్నాడు. అయితే కాదన్న యెడల ఆ నాటి కూలి పోతుందని అతనికి తెలియును. మేము అతనికంటె పెద్దవారము, అతడు మమ్మును మాస్టారూ అని పిలిచేవాడు. అట్టివాడు మా ఎదుట ఎట్లు కాదనగలడు? నిర్ణయము చేసిన నలుగురము చెట్టు నీడలో కూర్చున్నాము. దాని అపాయము భరించినవాడు ఒక్కడు, బకెట్టు ఎదుట నిలుచున్నాడు. లాభము ఒకరిది, ప్రాణభయము మరియొకరిది అయినప్పుడు, భయపడవలసినవాడు నోటితో ఒప్పుకొన్నంత మాత్రాన నిర్ణయించినవారి భారము తీరదు.

మూడవది, "తీగ పెట్టినది మేము కాదు, అమ్మినవాడు మాకు చెప్పలేదు" అనుట. ఇందులో కొంత న్యాయము ఉన్నది. అయితే చట్టము దృష్టిలో అమ్మకందారు పని చాలా తేలిక. 1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, సరుకు మంచిచెడ్డలు కొనేవాడే చూసుకోవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము కూడ, చెప్పవలసిన బాధ్యత ఉన్నప్పుడు తప్ప, ఊరకుండుట మోసము కాదనే అంటుంది. చట్టము గీచిన గీత అది. మనస్సాక్షి గీత అంతకంటె చాలా ముందే ఉన్నది. అయినను అమ్మినవానిని మేము ఎక్కువగా నిందించలేకపోతున్నాము. అతనికి దానిని అమ్మినవాడు అతనికి చెప్పెనో లేదో! నిర్లక్ష్యము ఒక్కరు చేసే పని కాదు. ఒకరు తీగ పెట్టుతారు, ఒకరు చూసి ఊరకుంటారు, ఒకరు చూడకయే ఉంటారు. అట్లు అది చేతులు మారుతూ వస్తుంది. అయితే మా చేతికి వచ్చినప్పుడు మేము చూశాము. తెలియక చేసినవారి తప్పు కంటె, తెలిసి సరే అన్న మా తప్పు పెద్దది.

దీనికి ఎదురు మాట ఒకటి నిజాయితీగా చెప్పవలెను. పేదవారు ప్రతి వస్తువును క్రొత్తదానివలె చేసి వాడుకోవలెనంటే ఏ పనియు సాగదు. మా బండికి ఈనాటికీ రంగు వెలిసే ఉన్నది, సీటు చిరిగే ఉన్నది, ఒక వైపు చేతి పిన్నులో కొంత వదులు ఉన్నది. వాటితో పని చేస్తూనే ఉన్నాము. అయితే యజమాని ఓర్చుకొనే లోపము వేరు, పనివాడు ప్రాణముతో చెల్లించే లోపము వేరు. మొదటిదానిలో సర్దుకొనుట పొదుపు. రెండవదానిలో సర్దుకొనుట పొదుపు కాదు, ఇంకొకరి సొమ్మును ఖర్చు పెట్టుట.

ఆ రాత్రే మేము తీగ తీసివేయించాము. బండి ఆగినది. శనివారము లోపల షెడ్డు శుభ్రము చేయుటకు చుట్టుప్రక్కల క్యాంపులనుండి పదునాలుగు మందిని పిలిచి, రెట్టింపు కూలి ఇచ్చాము. మేమును పారలు పట్టాము. స్విచ్చి ఆ తరువాతి మంగళవారము వచ్చినది. దాని ఖరీదు ఆ కూలి డబ్బులో పదవ వంతు కూడ లేదు. మెకానిక్కు దానిని బిగించి, బారు ఎత్తి, లీవరు కదిపి చూపించాడు. చేతులు కదలలేదు. "ఇప్పుడు బాగైంది సార్" అన్నాడు. ఇంజను పలికిన నాడు ఆయన ఆ మాట అనలేదని అప్పుడు మాకు గుర్తుకు వచ్చినది.

ఆ బండి సీటు వెనుక సంచిలో ఇప్పుడు ఒక నోటు పుస్తకము ఉన్నది. ఏ తేదీన ఏమి మార్చామో, ఇంకా ఏ లోపములు మిగిలి ఉన్నవో అందులో వ్రాసి ఉంచుతున్నాము. ఎప్పుడైనా దానిని అమ్మితే పుస్తకముతోనే అమ్ముదుమని అనుకున్నాము. అందువలన ధర తగ్గవచ్చును. తగ్గనిండు.

వంగిన గడ్డపారను సాగదీయించి వాడుకుందామని ఒకరు అన్నారు. వద్దని, దానిని షెడ్డు గోడకు తగిలించాము. ఆ కుర్రవాడు ఈనాటికీ మా బండినే నడుపుతున్నాడు. దిగేముందు ప్రతిసారి బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపి, అప్పుడే బారు ఎత్తుతాడు. అతనికి ఆ అలవాటు మేము నేర్పినది కాదు. నేర్పవలసినవారము మేమే అయియుండియు, మేము అతని వద్ద నేర్చుకున్నాము.

మన ఇండ్లలో, పొలములలో, దుకాణములలో "ఇంతవరకు ఏమీ కాలేదు" అని మనము వదిలిపెట్టిన తీగ ఏదైనా ఉన్నదా? ఉన్న యెడల దాని ఎదుట నిలుచుండేది మనమా, మన దగ్గర పనిచేసేవాడా? పాఠకులు ఈ మాటను గూర్చి ఆలోచింతురు గాక.