అక్క స్కానింగ్ గురించి

నాన్నా,

రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది, పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండట్లేదు, డాక్టరుగారు స్కానింగ్ రాశారు, ‘74 ఏళ్ల మనిషికి ఇప్పుడవన్నీ ఎందుకు పిన్నీ’ అన్నావు. చేయించు నాయనా. వయసు మీదకి తోసేసి ఊరుకోకు.

మీ బాబాయి విషయంలో నేనలాగే ఊరుకున్నాను. మాట తడబడుతోంది, పట్టపగలే కునుకుతున్నారు. పెద్దతనం అనుకున్నాను. ఒకరోజు గుమ్మం దాటుతుంటే ఎడమకాలి చెప్పు గడపకివతలే ఉండిపోయింది, ఆయనకు తెలియనే లేదు. అప్పుడు పరిగెత్తాం. సీటీ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి ఉంది. నెలన్నర కింద బాత్‌రూములో జారి తలకి తగిలిన సంగతి నేనే మరిచిపోయాను. పుర్రెకి రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేశారు. కొన్నాళ్లకి మళ్లీ పేపరు పైకి చదివి నాకు వినిపించారు.

అందుకే, అక్క ఈమధ్య ఎక్కడైనా పడిందేమో, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటోందేమో చూసి డాక్టరుగారికి చెప్పు. మెదడులో నీరు చేరినా, గడ్డ ఉన్నా స్కానింగ్‌లోనే బయటపడతాయి. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలూ వదలొద్దు.

ఎమ్మారై అయితే అరగంట దాకా గొట్టంలో కదలకుండా పడుకోవాలి, ఒకటే మోత. అది ముందే చెప్పి ఉంచు. ఒంటిమీద లోహం ఉండకూడదు. పుస్తెలతాడు తీయమంటే అక్క ఒప్పుకోదు, అక్కడ తొందరపెడితే ఏడుస్తుంది. ఇంట్లోనే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి మీ నాన్నచేత మెడలో వేయించి, ఆ తర్వాత పుస్తెలు తీయండి. ముక్కుపుడక మర ఎప్పుడో బిగిసిపోయి ఉంటుంది, ముందురోజే కంసాలి దగ్గరికి తీసుకెళ్లు.

రిపోర్టులో మెదడు కుంచించుకుపోయిందని ఉంటే ఫోన్లో వెతుక్కుంటూ కూర్చోకు. వయసుతో అందరికీ కొంత కుంచించుకుంటుంది. జ్ఞాపకాల భాగం వయసుకి మించి తగ్గితే అల్జీమర్స్ అని అనుమానిస్తారు. అదీ ఆ బొమ్మ ఒక్కటే చూసి తేల్చరు, మొదట్లో బొమ్మ మామూలుగానే ఉండొచ్చు కూడా. ఇంట్లో నువ్వు గమనించినవి, ఎప్పటినుంచో, ఎలా మొదలయ్యాయో కాగితం మీద రాసి తీసుకెళ్లు. అక్క ఎదురుగా మాత్రం ‘అమ్మకేం గుర్తుండదండీ’ అనకు. తను వింటుంది.

బుధవారం పొద్దున బస్సుకి వస్తున్నా. పసుపుకొమ్ము నేనే తెస్తా, మా పెరట్లోదే.