రేపటిని చూచు కన్ను



భక్తునకు రేపటి చింత తగదని మన పెద్దలు చెప్పుచుందురు. అందుకు ఆయ్దక్కి లక్కమ్మ కథను దృష్టాంతముగా చూపుదురు. కల్యాణమున నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడాయన అవసరమునకు మించి తేగా, ఆ యిల్లాలు మిగులును తిరిగి పోసి రమ్మన్నది. నేనును ఈ కథను తరగతిలో పలుమార్లు చెప్పితిని. కాని యిటీవలి యొక సంఘటన నన్ను ఆలోచింపజేసినది.

మాది అనంతపురము మెట్ట ప్రాంతము. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు ఊడలు దిగు వేళ మొగము చాటువేసినచో వేరుశనగ చేను పశువుల మేతకే మిగులును. ఆషాఢమున విత్తులు పడిన వారమున, తొమ్మిదవ తరగతి పిల్లలను "పంట ఇంటికి వచ్చిన నాడు" అను విషయముపై వ్రాయుమంటిని. కొందరు క్రొత్త బట్టలను, కొందరు అక్క పెండ్లిని, ఒక బాలిక తండ్రి అప్పుపత్రమును చింపివేయుటను కన్నులకు కట్టినట్లు వ్రాసిరి. ఒక బాలుడు మాత్రము తెల్లకాగితమిచ్చెను. సోమరితనమని గద్దించితిని.

"సార్, మా యింటికి పంట వచ్చేది నేనెప్పుడూ చూళ్లేదు. మా నాయన బెంగుళూరులో కూలికి ఉండాడు" అనెను.

నాకు సిగ్గు కలిగెను. కెనడా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు ఎండెల్ టుల్వింగ్ 1985లో వర్ణించిన యొక వ్యక్తి జ్ఞప్తికి వచ్చెను. తలకు గాయమై యాతడు తన గతమును కోల్పోయెను. లోకజ్ఞానము మాత్రము చెడలేదు. రేపేమి చేయుదువని యడిగినచో మనస్సు శూన్యముగ నున్నదనెను. జ్ఞాపకము చేసికొనునపుడును, ఊహించునపుడును మెదడులో పెక్కు భాగములు అవియే పనిచేయునని 2007లో పరిశోధకులు చూపిరి. గతపు తునుకలతోనే మనస్సు రేపటిని కట్టుకొనును. ఈ బాలునికి ఏ వ్యాధియు లేదు. పంటను గూర్చిన తునుకలే లేవు.

అప్పుడు లక్కమ్మను మరల తలచితిని. బియ్యమును త్రిప్పి పంపగలిగినదన్న, రేపును కాయకము కలదని, రేపును మారయ్య గింజలతో వాకిట నిలుచునని ఆమెకు కనబడుచుండవలె. ఆమె విడిచినది కూడబెట్టుటను గాని, రేపటిని గాదు. రేపే కనబడని వానికి రేపటి చింత మానుమనుట, ఆకొన్నవానికి ఉపవాసము బోధించుట కాదా? ప్రవచనము చేయు మనము (నేనును అందొకడనే) ఈ భేదమును పాటించితిమా?

మరునాడు ప్రశ్నను మార్చితిని. పంట మాట వదలి, నీవు చూచినదే మరల జరుగునట్లు వ్రాయుమంటిని. నాలుగు పంక్తులు వ్రాసెను. ఉగాదికి తండ్రి తెల్లవారుజామున బస్సు దిగును. చేత సంచి యుండును. ఇంటివారికంటె ముందు కుక్క గుర్తుపట్టును. అందు రెండు అక్షరదోషములున్నవి. నేను దిద్దలేదు.