గ్రామ పాలనమునందు అనుభవ దాసోహము

ఒక గ్రామము తన చెరువు గట్టును బాగు చేసికొన్నది; వీధులను శుభ్రముగ నుంచుకొన్నది; ఇంటి పన్నును సకాలమున వసూలు చేయుచున్నది. పొరుగు గ్రామము ఈ మూడింటను వెనుకబడి యున్నది. అట్టి యెడ మొదటి గ్రామ పంచాయతికి రెండవదాని పట్ల కర్తవ్య మేమైన కలదా? తన యింటిని చక్కబెట్టుకొనుటతో దాని ధర్మము తీరినదా?

బసవేశ్వరుని బోధలో కాయకమునకు దాసోహము జంట. కాయకమువలన లభించునది ధాన్యమో ధనమో మాత్రమే యనుకొనుట పొరపాటు. పని చేసినవానికి అనుభవము కూడ లభించును. పంచాయతి గడించిన అనుభవము ప్రజల పన్నుతో, ప్రజల శ్రమతో గడించినది. దానిని అడిగినవారికి చెప్పుట ఉపకారమని తలపరాదు. ఇచ్చితినను అహంకారము లేక సమాజమునకు చెందినదానిని సమాజమునకు సమర్పించుటయే దాసోహము.

నేర్చుకొనువానికిని ఒక ధర్మము కలదు. సొన్నలిగెలో చెరువు త్రవ్వించి లోకోపకారిగ కీర్తి గాంచిన సిద్ధరాముని అల్లమప్రభువు ప్రశ్నించెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. పని చేసి చూపినవాడయ్యు సిద్ధరాముడు కల్యాణమునకు వెళ్లి అనుభవ మంటపమున శరణుల నడుమ కూర్చుండెను. అంతటివాడు నేర్చుకొనుటకు సిగ్గుపడనప్పుడు, సర్పంచి పొరుగూరి సర్పంచిని సలహా యడుగుటలో చిన్నతన మేమున్నది?

1992లో ఆమోదింపబడి 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతులకు రాజ్యాంగ ప్రతిపత్తి నొసగెను. పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు చేర్చబడెను. చట్టము అధికారము నీయగలదు గాని నేర్పు నీయజాలదు. వరంగల్లు ప్రాంతమునందలి గంగదేవిపల్లిలో గ్రామస్థులు పనులను సంఘములుగ పంచుకొని నడపుకొనిన తీరును చూచుటకు ఇతర గ్రామములవారు వచ్చుట కలదు. ఆ విధముగ వచ్చినవారు శుభ్రమైన వీధులను చూచి మెచ్చుకొని మరలిపోయిన ప్రయోజనము స్వల్పము. పన్ను చెల్లింపనివారిని ఎట్లు ఒప్పించిరి, సంఘములో కలహము వచ్చినప్పుడు ఎవరు తీర్చిరి, ఏ పని చెడిపోయి మరల మొదలు పెట్టవలసి వచ్చెను అని యడుగవలెను.

ఇచ్చటనే చిక్కు గలదు. బహుమతుల కొఱకు పోటీపడు గ్రామము తన వైఫల్యమును దాచును. దాచిన తప్పు పొరుగూరిలో మరల జరుగును. దాని మూల్యమును అచ్చటి పేదలు చెల్లింతురు. కావున విజయమును చెప్పుటకంటె వైఫల్యమును చెప్పుట గొప్ప దాసోహము.

ఒక్కొక్క యూరి పరిస్థితి ఒక్కొక్క విధముగ నుండునని కొందరు ఆక్షేపింతురు. నిజమే. అయినను మంటపమునకు వచ్చిన మడివాళ మాచయ్య బట్టలుదుకుట మానలేదు. అంబిగర చౌడయ్య పడవ విడువలేదు. ఎవరి కాయకమున వారుండియే ఒకరి అనుభవమునుండి మరియొకరు వెలుగు పొందిరి. నేర్చుకొనుట అనుకరించుట కాదు.

మఠములకు విశాలమైన మంటపములున్నవి. జాతరల నాడు పలు గ్రామములవారు అచ్చట చేరుదురు. ఆ దినములలో ఒక పూట సర్పంచులను, వార్డు సభ్యులను, పారిశుధ్య కార్మికులను వేదికలేని ఒకే చాపపై కూర్చుండబెట్టి, తమ యూరిలో చేసినదానిని, చేయలేకపోయినదానిని చెప్పుకొననిచ్చిన చాలును. అన్నదాసోహము జరుగు చోటనే అనుభవ దాసోహమును జరుగును. కల్యాణమున శరణులు చూపిన బాట అదియే.