అవహేళనా వద్దు, అబద్ధమూ వద్దు

 

నాకు తెలిసిన ఒక సోదరి సంగతి చెబుతాను. ఆమెకు నలభై ఏళ్ళు నిండలేదు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. షుగరు మాత్రలకు లొంగడం లేదు. నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తుంది. మోకాళ్ళ నొప్పులతో సజ్దా చేయలేక కుర్చీలో కూర్చుని నమాజు చేసుకుంటుంది. పత్యం పాటించింది, నడిచింది, మందులు వాడింది. తగ్గిన బరువు మళ్ళీ వచ్చింది. చివరికి డాక్టరు, కడుపు పరిమాణాన్ని తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకోమన్నారు.

ఇంట్లో ఆరోగ్య బీమా పాలసీ ఉంది. కానీ పాలసీ తీసుకున్న రోజున షుగరు ఉందా అన్న ప్రశ్నకు 'లేదు' అని రాయించారు. కోడలికి జబ్బుందని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని అత్తగారి భయం. బీమా సంస్థవారు పాత వైద్య కాగితాలు చూసి క్లెయిమును తిరస్కరించారు. నగలు అమ్మి ఆపరేషన్ చేయించారు. బంధువులకు మాత్రం పిత్తాశయంలో రాళ్ళు తీయించామని చెప్పారు. రెండు నెలల తర్వాత ఒక వలీమా విందులో, "ఏం భాభీ, మా బిర్యానీ నచ్చలేదా? ఇంకొంచెం వేసుకోండి" అంటూ పళ్ళెం నింపారు. ఆమె నిజం చెప్పుకోలేకపోయింది. మొహమాటానికి తిన్నది. ఆ రాత్రంతా వాంతులతో ఆసుపత్రిలో గడిపింది.

ఆలోచించండి! ఇందులో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి బీమా కాగితం మీద, రెండోది బంధువుల ముందు. రెండూ తప్పే. కానీ ఆ రెండింటికీ మూలం ఒక్కటే, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం. ఆ నలుగురూ ఎవరో కాదు, మనమే.

నాలుక చేసే గాయం

దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులైన పురుషులు ఇతర పురుషులను, స్త్రీలు ఇతర స్త్రీలను ఎగతాళి చేయరాదని ఆదేశించాడు. ఎగతాళికి గురైనవారే ఉత్తములు కావచ్చునని హెచ్చరించాడు. చెడ్డ పేర్లతో పిలవడాన్నీ నిషేధించాడు. ఆ తర్వాతి ఆయతులోనే పరోక్ష నిందను చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చాడు.

ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) గారు, హజ్రత్ సఫియా (రజి) గారు పొట్టిగా ఉంటారన్న భావంతో ఒక మాట అన్నారు. ఆ మాటను సముద్రపు నీటిలో కలిపితే ఆ నీరంతా చెడిపోతుందన్న అర్థంలో దైవప్రవక్త (సఅసం) మందలించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. మరోసారి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) మిస్వాక్ కోసం చెట్టెక్కారు. గాలికి బట్ట తొలగింది. ఆయన సన్నని పిక్కలు చూసి సహచరులు నవ్వారు. ప్రళయదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహద్ పర్వతం కంటే బరువుగా తూగుతాయని ప్రవక్త (సఅసం) వారికి తెలియజేశారు. ముస్నద్ అహ్మద్ ఈ సంఘటనను పేర్కొన్నది.

ఒకరి పొట్టిదనం, మరొకరి సన్నదనం. మన రోజుల్లో లావు. అల్లాహ్ త్రాసు వేరు, మన త్రాసు వేరు. పెళ్ళిపందిట్లో ఒక సోదరిని చూసి 'డ్రమ్ము' అనడం, ఆమె ఆపరేషన్ చేయించుకున్నాక 'నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది' అనడం, ఇవన్నీ మనం తేలిగ్గా తీసుకునే మాటలు. వీటికి లెక్క ఉంటుంది సుమా!

మితంగా తినమని దైవప్రవక్త (సఅసం) బోధించిన మాట నిజమే. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న బోధన మనందరికీ తెలుసు. అది ఎవరి పళ్ళెం ముందు వారు జ్ఞాపకం చేసుకోవలసిన బోధన. ఎదుటివారి పళ్ళెం మీద తీర్పు చెప్పడానికి కాదు. వంశపారంపర్యం, హార్మోన్ల లోపం, కొన్ని రకాల మందులు కూడా బరువును పెంచుతాయి. బాగా లావైన మనిషి పత్యంతో తగ్గితే శరీరమే ఆకలిని పెంచి పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని చూస్తుంది. అందుకే వైద్యులు దీన్ని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తున్నారు.

ఇది అల్లాహ్ సృష్టిని మార్చడమా?

కొందరు ధర్మం పేరుతోనే అభ్యంతరం చెబుతారు. అందం కోసం ఆరోగ్యవంతమైన శరీరాన్ని మార్చుకోవడం వేరు, రోగానికి చికిత్స వేరు. హజ్రత్ అర్ఫజా (రజి) ఒక యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్నారు. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు బంగారంతో చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) స్వయంగా సలహా ఇచ్చారు. మగవారికి బంగారం నిషిద్ధమైనా అవసరం దృష్ట్యా అనుమతించారు. వైద్యం చేయించుకోమా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోమన్నారు. వృద్ధాప్యానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు పుట్టించాడని తెలిపారు.

అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమై ఈ విషయాన్ని చర్చించింది. బరువు రోగంగా పరిణమించి, శస్త్రచికిత్స తప్ప మరో మార్గం లేనప్పుడు, హాని లేకుండా ఉంటే ఆ మార్గంలో బరువు తగ్గించుకోవడం ధర్మసమ్మతమేనని తీర్మానించింది.

అయితే ఇది దగ్గరి దారి కాదు. ఆపరేషన్లలో ఒక పద్ధతిలో కడుపులో సుమారు నాలుగింట మూడు వంతులు తీసివేస్తారు. రక్తస్రావం, కుట్లు లీకవడం వంటి ప్రమాదాలుంటాయి. ఆ తర్వాత జీవితాంతం కొద్దికొద్దిగా తినాలి. విటమిన్లు, ఐరన్, కాల్షియం వాడాలి. రమజాన్ ఉపవాసాల గురించి డాక్టరును, ఆలిమును అడిగి తెలుసుకోవాలి. ఇంత కష్టాన్ని ఎవరూ సోమరితనంతో ఎంచుకోరు.

బీమా విషయంలో

మొదటి మాట. సాధారణ వాణిజ్య బీమాలో అనిశ్చితి ఉన్నందున అది ధర్మసమ్మతం కాదనీ, సహకార బీమా ధర్మసమ్మతమనీ ఇదే అకాడమీ 1985లో జిద్దాలో తీర్మానించింది. యజమాని ఇచ్చే పాలసీ, ప్రభుత్వ పథకం, తప్పనిసరి పరిస్థితి, వీటి విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. కాబట్టి మీ పరిస్థితిని నమ్మకమైన ముఫ్తీ గారి ముందుంచి అడగండి.

రెండో మాట. పాలసీ తీసుకున్నాక నిజం దాచడం ఏ ఉలమా దృష్టిలోనూ ధర్మసమ్మతం కాదు. తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వ్యాపారితో, మోసం చేసేవాడు మావాడు కాదన్నారు దైవప్రవక్త (సఅసం). ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయతు ఆదేశిస్తోంది. ఏజెంటు 'ఏం ఫరవాలేదు, లేదని రాసేద్దాం' అన్నా ఒప్పుకోవద్దు. సంతకం మీది, సమాధానం కూడా మీదే. నిజం చెప్పినవారికి చట్టం దారి చూపుతోంది. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 36 నెలలు దాటరాదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిర్ణయించింది.

మూడో మాట. మీ హక్కు తెలుసుకోండి. బరువు తగ్గించే ఆపరేషన్ అంటేనే అందం కోసమని చెప్పి తోసిపుచ్చడం కుదరదు. నియంత్రణ సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం, రోగి వయసు 18 నిండి ఉండాలి, డాక్టరు సలహా ఉండాలి, ఆపరేషన్ వైద్య ప్రమాణాల ప్రకారం జరగాలి. బీఎమ్ఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. లేదా 35 ఉండి, ఇతర చికిత్సలు ఫలించక, అదుపులేని షుగరు, గుండె జబ్బు, తీవ్రమైన నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటివి తోడై ఉండాలి. ఈ షరతులు నెరవేరని ఆపరేషన్లకే ఆ మినహాయింపు వర్తిస్తుంది. కిలోల బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతోనే గుణించగా వచ్చిన అంకెతో భాగిస్తే బీఎమ్ఐ వస్తుంది. పైన చెప్పిన సోదరికి అది 40 దాటింది. అంటే ఆనాడు నిజం రాసి, నిరీక్షణ కాలం పూర్తిచేసి ఉంటే నగలు మిగిలేవేమో!

అన్యాయంగా తిరస్కరిస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తి ఇవ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు. హైదరాబాదులోనూ ఆ కార్యాలయం ఉంది.

మనం చేయవలసిన పని

అష్అరీ తెగవారికి ఆహారం కొరతపడితే ఉన్నదంతా ఒక బట్టలో పోసి సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అని దైవప్రవక్త (సఅసం) వారిని మెచ్చుకున్నారు. బీమా లేని పేద రోగి విషయంలో మన మొహల్లా బైతుల్‌మాల్ చేయవలసినది ఇదే. అర్హులైన పేదల చికిత్సకు జకాత్ సొమ్ము ఇవ్వవచ్చు. అప్పుల్లో మునిగినవారికీ తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌లో వాటా కల్పించింది.

డబ్బు లేనివారు కూడా ఒక పని చేయవచ్చు. విందులో ఒక సోదరి రెండు చెంచాలు తిని చాలన్నప్పుడు, సరేనమ్మా అనండి. కారణం అడగకండి. బలవంతంగా వడ్డించకండి. కుర్చీ మీద నమాజు చేసే సోదరుణ్ణి చూసి గుసగుసలాడకండి. మన నోరు అదుపులో ఉంటే మన ఇళ్ళలో ఎవరూ జబ్బును దాచుకోవలసిన అవసరం రాదు. దాచుకోనవసరం లేనివారికి నిజం చెప్పడం సులువవుతుంది.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. మా నాలుకలను ఎగతాళి నుంచి, మా కలాలను అబద్ధం నుంచి కాపాడు. ఒకరి బరువును మరొకరం మోసే సమాజంగా మమ్మల్ని తీర్చిదిద్దు. ఆమీన్!