ఖాళీ సీటు ఎవరిది?



ఈ సంచికలో ఒక చిన్న ప్రశ్నను మీ ముందు ఉంచుచున్నాము. పైకి అది బండ్ల సంగతి, పెట్రోలు సంగతి. మాకైతే అది మనస్సాక్షి సంగతిగా తేలినది. ఊరి బయట, కారు గాని స్కూటరు గాని లేకుండ జీవించువారు ఆరాధనకు రాలేకపోయిన యెడల ఆ లోటు ఎవరిది? రాలేనివారిదా, తీసికొనిరాగలిగియు ఊరకున్నవారిదా?

సంగతి ఎట్లు మొదలైనదో చెప్పెదము. మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. భర్త ప్రభువునందు నిద్రించినాడు. బీడీలు చుట్టి బ్రదుకుచున్నది. ఇదివరకు హోట్గి రోడ్డున, మందిరమునకు పది నిమిషముల నడక దూరములో అద్దెకుండెను. కొడుకు కుమఠే దాటిన తరువాత, హోట్గి ఊరి వైపున, చౌకగా వచ్చిన చిన్న జాగాలో రెండు గదులు వేసికొన్నాడు. ఆమెయు అక్కడికి పోయినది. తరువాత వరుసగా మూడు నెలలు ప్రభువు బల్లకు రాలేదు. సంఘ పెద్దలమైన మేము హాజరు పుస్తకము తీసి చూచి, ఆమె పేరు ఎదుట "విశ్వాసములో చల్లబడినది" అని వ్రాసినాము. మమ్మును ఎవరును ప్రశ్నించలేదు, మేమును మమ్మును ప్రశ్నించుకొనలేదు.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమెకు బుద్ధి చెప్పవలెనని మాలో ఇద్దరము బయలుదేరినాము. ఎప్పుడును మమ్మును తీసికొనిపోవు సహోదరుని బండి ఆ రోజు లేదు. అందుచేత షేర్ రిక్షా ఎక్కినాము. ఆదివారము సీట్లు త్వరగా నిండవు, నిండనిదే రిక్షా కదలదు. ముప్పావు గంట ఎండలో కూర్చున్నాము. నడుమ ఒకచోట దిగి మరియొకటి పట్టుకొన్నాము. అదియు పెద్ద రోడ్డు మీదనే దింపినది. అక్కడనుండి నల్లరేగడి బాటలో నడక. ఇల్లు చేరుసరికి గంటన్నర దాటినది, చెప్పవలెనని తీసికొనిపోయిన బుద్ధిమాటలు దారిలోనే చాలావరకు జారిపోయినవి.

ఆమె చాయ పెట్టి ఇచ్చినది. మేము అడుగకమునుపే చెప్పినది: "అన్నా, పోను రాను రిక్షాకు పెడితె ఒక పూట బీడీల కూలి అటే పోతది. మనోళ్ళ కార్లు ఈ రోడ్డు మీదనే పోతుంటయి, సీట్లు ఖాళీగనే ఉంటయి. ఒక్కసారి అడుగుతె మంచిగనే ఉంటది. ప్రతి ఐతారం అడుగుతె మనిషి చులకనైతడు."

ఈ చివరి మాటకు మా యొద్ద జవాబు లేకపోయెను. ఆ జవాబు వెదకుటకే ఇది వ్రాయుచున్నాము.

మరుసటి వారము పెద్దల కూటములో ఈ సంగతి వచ్చినప్పుడు ఒక సహోదరుడు, "మన తాత తండ్రులు నడువలేదా? నిజమైన ఆకలి ఉన్నవాడు నడిచియైనను వచ్చును" అన్నాడు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. నిజాము ఏలుబడిలోని తెలంగాణ పల్లెలనుండి మన పద్మశాలి పెద్దలు ఈ సోలాపూరుకు ఎడ్లబండ్ల మీదను కాలినడకను వచ్చినవారే. మన బాప్టిస్టు చరిత్ర అంతయు నడక చరిత్రయే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మందితో ఆరంభమైనది. తాళ్ళకొండపాడునుండి ఎర్రగుంట్ల పేరయ్య దాదాపు నలభై మైళ్ళు నడిచి క్లౌ దొరగారిని కలిసికొనెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందినారు. వారిలో బండి మీద వచ్చినవారు ఎందరుందురు?

కాని మన పెద్దల నడకకును ఈ సహోదరి నడకకును భేదమున్నది. వారి కాలములో అందరును నడిచినారు. అందుచేత బ్రదుకునకు కావలసినవన్నియు నడక దూరములోనే ఉండెను. నేతవాని మగ్గము ఇంటిలోనే ఉండెను, పడుకొన్నచోటినుండి పనిచోటికి నాలుగు అడుగులు. సంత, బడి, బావి, ప్రార్థన స్థలము అన్నియు పిలిచిన పలుకునంత దగ్గర. బండ్లు వచ్చిన తరువాత బండి ఉన్నవారి సౌకర్యమును బట్టి అన్నియు ఎడము జరిగినవి. సాంచాలు షెడ్లలోకి పోయినవి, ఆసుపత్రులు పెద్ద రోడ్ల మీదికి పోయినవి, జాగాల ధర పెరిగి పేదవాని ఇల్లు ఊరి వెలుపలికి పోయినది. అక్కల్‌కోట రోడ్డున కుంభారిలో బీడీ కార్మికులకు 2006లో పదివేల ఇండ్లు అందినవి. అక్కడనే రే నగరులో 2024 జనవరిలో మరి పదిహేనువేల ఇండ్లు కార్మికుల చేతికి వచ్చినవి. ఇల్లు దొరుకుట గొప్ప మేలు, దేవునికి స్తోత్రము. అయితే ఇంటితోపాటు దూరమును వచ్చినది.

ఇవాన్ ఇల్లిచ్ అను కథోలిక గురువు 1974లో "ఎనర్జీ అండ్ ఈక్విటీ" అను చిన్న పుస్తకములో ఒక లెక్క చూపించెను. అమెరికావాసి కారులో కూర్చున్న గంటలు, ఆ కారుకొరకు సంపాదించిన గంటలు అన్నియు కలిపితే సంవత్సరమునకు 1,600 గంటలకు పైబడును. ఆ గంటలలో అతడు పోవునది 7,500 మైళ్ళు. భాగించి చూడుడి, గంటకు అయిదు మైళ్ళు కూడ రావు. ఆయన వాదన సారాంశమిది: వేగముగా పోవు బండి తానే దూరములను పుట్టించును, ఆ దూరమును తానే తగ్గించెదనని చెప్పును, బండి లేనివానికి మాత్రము ఆ దూరము మిగిలిపోవును.

మా హోట్గి రోడ్డే దీనికి సాక్షి. సోలాపూరు విమానాశ్రయము ఈ రోడ్డు మీదనే ఉన్నది. విమానములకు అడ్డమని 2023 జూన్‌లో సిద్ధేశ్వర చక్కెర కార్ఖానా చిమ్నీని కూల్చినారు. 2025 జూన్‌లో గోవాకు విమానము మొదలైనది. ఈ రోడ్డునుండి ఒకరు గోవాకు ఎగిరిపోవు సమయములో మరియొకరు ఇదే రోడ్డున మందిరమునకు చేరలేరు. విమానము తప్పని మేము అనుట లేదు. ఆ రోడ్డున ఎవరి సమయమునకు విలువ కట్టుచున్నామో ఆలోచించుడి అనుచున్నాము.

కారు లేకుండుట వింత సంగతియు కాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున నూరు ఇండ్లలో కారు ఉన్నవి అయిదుకు లోపే, పల్లెలలో రెండుకు కొంచెము పైన. అప్పటినుండి బండ్లు పెరిగినవి. అయినను పల్లెవాసులలో అత్యధికులు నేటికిని ఎస్.టి. బస్సును, షేర్ రిక్షాను, తమ కాళ్ళను నమ్ముకొనియున్నారు. 2021 అక్టోబరు చివరనుండి 2022 ఏప్రిల్ వరకు ఎస్.టి. ఉద్యోగుల సమ్మె జరిగినప్పుడు మన పల్లెల వారు పడిన పాట్లు మరువరానివి. 2023 మార్చినుండి మన మహారాష్ట్రలో స్త్రీలకు ఎస్.టి. టికెట్టు సగము ధరకే ఇచ్చుచున్నారు. 2023 డిసెంబరునుండి తెలంగాణలోను, 2025 ఆగస్టునుండి ఆంధ్రలోను స్త్రీలకు బస్సు ఉచితము. ఇవి మంచి పనులు. అయితే బస్సే రాని బాటలో ఉచితమైనను, సగము ధరయైనను ఒక్కటే. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను. సంఘము చేయవలసినది సంఘమునకు మిగిలియున్నది.

ఇప్పుడు లేఖనములు చూతము. లూకా 10వ అధ్యాయములో మంచి సమరయుడు గాయపడినవానిని తన సొంత వాహనము మీద ఎక్కించెను. "వాహనము" అనియే మన తెలుగు బైబిలులో ఉన్నది. ఉన్నది ఒక్క వాహనమైతే, గాయపడినవాడు ఎక్కినప్పుడు యజమానుడు నడిచియుండవలెను. ఆ గాయపడినవాడు అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. అడుగుటకు అతనికి శక్తి లేదు. చూచినవాడే దిగివచ్చెను. మన ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరికినది. అడుగు భారము లేనివారి మీద పెట్టకూడదు, ఉన్నవారే ముందుగా పిలువవలెను. అడిగి పొందినది ప్రతి వారము అప్పువలె బరువగును. పిలుపు మీద వచ్చినది సహవాసమగును.

రెండవది, పుచ్చుకొనువారి సంగతి. "అడిగితే చులకన" అన్న సహోదరి బాధ నిజమైనది, దానిని గర్వమని మేము అనము. అయితే మన ప్రభువే యెరూషలేములో ప్రవేశించినప్పుడు ఇతరుల గాడిదపిల్లను ఎరువు తెప్పించుకొనెను. రాజులకు రాజునకు సొంత వాహనము లేదు, అందువలన ఆయన మహిమ తరుగలేదు. షూనేమీయురాలు కష్టకాలములో గాడిదను, పనివానిని ఇమ్మని పెనిమిటిని అడిగి కర్మెలు కొండకు పోయెను. పుచ్చుకొనుటయు ఒక కృపయే. ఎల్లప్పుడు ఇచ్చువాడుగానే ఉండగోరుటలోను ఒక విధమైన అతిశయమున్నది.

మూడవది, నడక అవమానము కాదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో తోడివారు ఓడ ఎక్కగా పౌలు త్రోయనుండి అస్సుకు కాలినడకను పోవుటకు తానే నిర్ణయించుకొనెను. కాని కోరి నడుచుట వేరు, గతిలేక నడుచుట వేరు. కారులో కూర్చున్నవారము నడకలోని మేలును గూర్చి నడిచేవారికి ప్రసంగము చేయకుందుము గాక.

అభ్యంతరములును ఉన్నవి. కారున్న సహోదరుడు అప్పు చేసి కొన్నాడు, నెల నెల కిస్తు కట్టుచున్నాడు. పెట్రోలు ధర తెలిసినదే. ముసలి తల్లిని, పిల్లలను ఎక్కించుకొన్న తరువాత అతని బండిలో చోటుండకపోవచ్చును. అట్టి వాని మీద సంఘము పన్ను వేసినట్లు మాటలాడరాదు. తలా ఇంత కిరాయి ఇచ్చెదమందురా, ప్రైవేటు నంబరు బండిలో కిరాయికి మనుష్యులను ఎక్కించుట చట్టమునకు విరుద్ధము. కాబట్టి ఇది ప్రేమగా, ఉచితముగా జరుగవలెను, వంతుల ప్రకారము జరుగవలెను, ఒక్కనిమీదనే పడకూడదు. "నా బండిలో రెండు సీట్లు ఉన్నవి" అని చెప్పగలిగినవారు చెప్పుదురు గాక. చెప్పలేనివారిని ఎవరును వ్రేలెత్తి చూపకుందురు గాక.

వ్యాను కొందమని యువకులు అన్నారు. దానికంటె ముందుగా మరియొకటి తోచినది. ఆమె మందిరమునకు రావలెనని మాత్రమే మనమేల ఆలోచించుచున్నాము? మందిరము ఆమె యొద్దకు పోరాదా? ఒంగోలు ప్రాంతములో సంఘము పెరిగినది జనులందరు ఒంగోలుకు నడిచినందువలన మాత్రమే కాదు, బోధకులు పల్లె పల్లెకు నడిచినందువలనను పెరిగినది. దూరములు ఎడము జరిగిన కాలములో కొన్నిటిని మరల దగ్గరకు జరుపుట కూడ సేవయే. అందుచేత నెలకొక గురువారము సాయంకాలము హోట్గి వైపున ఇంటి ప్రార్థన పెట్టుకొన్నాము. మేము షేర్ రిక్షాలోనే పోవుచున్నాము. ఇది త్యాగమని చెప్పుకొనుట లేదు. ఆ ముప్పావు గంట ఎండ మరువకూడదని మా కోరిక.

మాకును అరువది దాటినవి. రాత్రివేళ ఎదుటి బండి దీపములు కళ్ళలో పడితే దారి కనబడుట లేదు. యోహాను సువార్త చివరి అధ్యాయములో ముసలితనమున మరియొకడు నడుము కట్టి మోసికొనిపోవునని ప్రభువు పేతురుతో చెప్పిన సంగతి ఎరుగుదుము. నేడు తాళపుచెవి జేబులో ఉన్న ప్రతివాడును ఒక దినము దానిని కొడుకు చేతికిచ్చి గడపలో కూర్చుండవలసినవాడే. అప్పుడు మన గుమ్మము ముందు ఎవరు బండి ఆపెదరు? నేడు మనము నేర్పిన అలవాటే అప్పుడు మన యొద్దకు వచ్చును.

ఆ సహోదరి ఏమైనదని మీరు అడుగుదురు. ఒక కుటుంబము తమ కారులో రమ్మని తామే పోయి పిలిచినారు. మొదటి రెండు వారములు ఆమె ఏదో పని చెప్పినది. మూడవ వారము వచ్చినది, ఒంటరిగా కాదు, పొరుగింటి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చినది. వారిప్పుడు మా సండే స్కూలులో ఉన్నారు. కొన్ని ఆదివారములు ఇప్పటికిని ఆమె రాలేకపోవుచున్నది. ఆ కుటుంబము ఊరికి పోయినప్పుడు మరియొకరు దొరకుట లేదు. పని ఇంకను సగములోనే ఉన్నది.

హాజరు పుస్తకములో ఆమె పేరు ఎదుట వ్రాసిన మాటను మేము కొట్టివేసినాము. చల్లబడినవారు ఎవరో అప్పటికి మాకు తెలిసినది. మీ మీ సంఘముల పుస్తకములును ఒకసారి తీసి చూడుడి. రానివారి పేరు ఎదుట ఏదైనను వ్రాయకమునుపు, వారి ఇంటికి వారు వచ్చు విధముగానే ఒక్కసారి పోయి రండి.

శాంతికర్తయగు దేవుడు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.